ఎల్లా ఫ్లాగ్ యంగ్

ఎల్లా ఫ్లాగ్ యంగ్ (జనవరి 15, 1845 - అక్టోబరు 26, 1918) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ విద్యావేత్త, పాఠశాలా పాలనాధికారిణి. ఈమె 1909లో చికాగో నగర పాఠశాలల సూపరింటెండెంటుగా నియమితురాలై, అమెరికాలో ఒక మహానగరపు పాఠశాలా వ్యవస్థకు అధిపతి అయిన మొదటి మహిళగా చరిత్రకెక్కింది. 1910లో జాతీయ విద్యా సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికైన మొదటి మహిళ కూడా ఈమెయే. ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు, పర్యవేక్షకులకు వృత్తిపరమైన శిక్షణ, తోడ్పాటు నిరంతరం అందాలని, పాఠశాల పాలన ఆజ్ఞల మీద కాక చర్చల మీద నడవాలని ఈమె యాభై సంవత్సరాలకు పైగా కృషి చేసింది. తత్త్వవేత్త జాన్ డ్యూయీకి ఈమె మొదట శిష్యురాలు, తరువాత సహోద్యోగి.

బాల్యం, విద్యాభ్యాసం

ఎల్లా ఫ్లాగ్ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో 1845 జనవరి 15న జన్మించింది. తండ్రి థియోడర్ ఫ్లాగ్ రేకుపని చేసే నిపుణుడు. తల్లి జేన్. వారిది స్కాట్లాండు మూలాలు గల ప్రెస్బిటేరియన్ కుటుంబం. చిన్నతనంలో ఆరోగ్యం అంతగా బాగుండనందున సుమారు పదేళ్ళు వచ్చేవరకు ఆమెను బడికి పంపలేదు. ఇంటివద్దనే చదవడం, రాయడం స్వయంగా నేర్చుకుంది. తండ్రి పనిచేసే చోట గంటల తరబడి గడుపుతూ పనిముట్లను, యంత్రాలను పరిశీలించేది. చేతిపనులకు విద్యలో తగిన స్థానం ఉండాలని తరువాతి కాలంలో ఆమె పట్టుబట్టడానికి ఈ అనుభవం ఒక కారణమని జీవిత చరిత్రకారులు భావిస్తారు.

1858లో కుటుంబం చికాగోకు తరలి వెళ్ళింది. అప్పటికి ఎల్లా వయసు 13 సంవత్సరాలు. అక్కడి నిబంధనల వలన ఉన్నత పాఠశాలలో చేరడానికి ముందు, తాను అదివరకే చదివిన పాఠాలనే గ్రామర్ స్కూలులో మళ్ళీ చదవవలసి వచ్చింది. విసుగు పుట్టి కొద్దికాలానికే బడి మానివేసింది. 15 సంవత్సరాల వయసులో ఉపాధ్యాయ పరీక్ష రాసి ఉత్తీర్ణురాలైనప్పటికీ, ఉద్యోగం ఇవ్వడానికి వయసు చాలలేదు. అందుచేత 1860లో ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే నార్మల్ స్కూలులో చేరింది.

కూతురికి చిన్నపిల్లలతో మెలగిన అలవాటు లేదని, మంచి ఉపాధ్యాయిని కాలేదేమోనని తల్లి సందేహించేది. ఆ నార్మల్ స్కూలులో అప్పటికి తరగతి గదిలో బోధన అభ్యసించే ఏర్పాటు లేదు. ఎల్లా తానుగా ఒక ఉపాధ్యాయిని అనుమతి తీసుకొని, తీరిక దొరికినప్పుడల్లా ఆమె తరగతికి వెళ్ళి, గమనిస్తూ, సహాయపడుతూ పని నేర్చుకుంది. శిక్షణ అంటే పుస్తకం చదవడం మాత్రమే కాదని, అనుభవజ్ఞుల పక్కన నిలిచి పనిచేయడమని ఆమెకు అప్పుడే అర్థమయింది. 1862లో నార్మల్ స్కూలు చదువు పూర్తిచేసింది.

ఉపాధ్యాయినిగా

1862లో ఎల్లా 17 సంవత్సరాల వయసులో ఫాస్టర్ స్కూలులో ఉపాధ్యాయినిగా చేరింది. కొద్దికాలానికే నగర శివార్లలో పశువులు కాసుకొని వచ్చే పెద్దవయసు కుర్రవాళ్ళ తరగతిని ఆమెకు అప్పగించారు. వారిలో కొందరు తమ గురువు కంటే వయసులోను, ఆకారంలోను పెద్దవారు. ఆ తరగతిని సమర్థంగా నడిపినందువలన మరుసటి సంవత్సరమే బ్రౌన్ స్కూలులో ప్రధాన సహాయకురాలిగా పదోన్నతి లభించింది.

1865లో చికాగో విద్యా బోర్డు నార్మల్ స్కూలు విద్యార్థుల కోసం ఒక అభ్యాస పాఠశాలను ఏర్పాటు చేసి, దానికి ఎల్లా ఫ్లాగును మొదటి అధిపతిగా నియమించింది. కాబోయే ఉపాధ్యాయులు నిజమైన తరగతిలో, నిజమైన పిల్లలకు పాఠం చెప్పి, తమ పనిమీద విమర్శ విని, సరిదిద్దుకొనే అవకాశం దీనితో కలిగింది. తాను చదివేటప్పుడు లేని ఏర్పాటును, 20 సంవత్సరాల వయసులో, ఇతరులకు తానే నడిపింది.

1868లో ఆమె విలియం యంగ్ అనే వ్యాపారిని వివాహం చేసుకున్నది. వయసులో ఆయన ఆమెకంటే చాలా పెద్దవాడు, ఆరోగ్యం బాగుండేది కాదు. 1873లో ఆయన మరణించాడు. వారికి సంతానం లేదు. తన దగ్గరి కుటుంబ సభ్యులలో చాలామందిని కూడా ఆమె ఆ సంవత్సరాలలోనే పోగొట్టుకున్నది. ఆ తరువాత ఆమె జీవితం పూర్తిగా పాఠశాలలకే అంకితమయింది.

ప్రధానోపాధ్యాయినిగా, సహాయ సూపరింటెండెంటుగా

1876లో యంగ్ ప్రధానోపాధ్యాయుల పరీక్షలో నెగ్గి స్కామన్ స్కూలు ప్రధానోపాధ్యాయిని అయింది. 1879లో నగరంలోని పెద్ద పాఠశాలలలో ఒకటైన స్కిన్నర్ స్కూలుకు బదిలీ అయింది. అక్కడ ఆమె ఉపాధ్యాయినులతో కలిసి సాహిత్యం, నాటకాలు చదివే అధ్యయన బృందాలను నడిపింది. ఏ ఉపాధ్యాయినికి ఏ విషయంలో ఆసక్తి ఉన్నదో గమనించి, ఆ దారిలోనే ప్రోత్సహించేది. తప్పులు వెదికే పర్యవేక్షణ కంటే, తోటివారు కలిసి చదివే అలవాటు పాఠశాలను ఎక్కువగా మారుస్తుందని ఆమె నమ్మకం.

1887లో ఆమె నగర పాఠశాలల సహాయ సూపరింటెండెంటుగా నియమితురాలైంది. అప్పటికి చికాగో ఎంత వేగంగా పెరుగుతున్నదో తెలుసుకొంటే ఆ ఉద్యోగపు బరువు అర్థమవుతుంది. 1860లో సుమారు 1 లక్షా 12 వేలుగా ఉన్న నగర జనాభా 1910 నాటికి సుమారు 22 లక్షలకు చేరింది. ఐరోపా దేశాల నుండి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఎందరో ఇంగ్లీషు రాకుండానే బడికి వచ్చేవారు. తరగతులు కిక్కిరిసి ఉండేవి. కొత్తగా చేరిన ఉపాధ్యాయులలో చాలామంది యువతులు. వారికి సలహా చెప్పే నాథుడు ఉండేవాడు కాదు.

తన పరిధిలోని పాఠశాలలలో యంగ్ ఉపాధ్యాయ మండళ్ళను ప్రోత్సహించింది. పాఠ్యప్రణాళిక, బోధనా పద్ధతులు, పిల్లల సమస్యలు వీటిలో చర్చకు వచ్చేవి. తరగతి గదికి వెళ్ళి కూర్చొని పాఠం వినడం, తరువాత ఉపాధ్యాయినితో విడిగా మాట్లాడడం ఆమె పద్ధతి. పనిలో కఠినురాలని పేరు ఉన్నప్పటికీ, ఆమె పర్యవేక్షణలో పనిచేసినవారు ఆమెను అభిమానించారు. చికాగోలోని మహిళా ప్రధానోపాధ్యాయుల సంఘం ఒకటి తరువాత ఆమె పేరుతోనే ఏర్పడింది. 1880ల చివరి నుండి 1913 వరకు ఇల్లినాయిస్ రాష్ట్ర విద్యా బోర్డులో కూడా ఆమె సభ్యురాలిగా పనిచేసింది.

రాజీనామా

1890లలో నగర పాఠశాలలను వ్యాపార సంస్థల పద్ధతిలో నడపాలనే వాదం బలపడింది. చికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ నాయకత్వంలోని ఒక సంఘం, సూపరింటెండెంటు అధికారాన్ని బాగా పెంచి, బోర్డు సభ్యుల సంఖ్యను తగ్గించాలని సూచించింది. దీని ఆధారంగా 1899లో రాష్ట్ర శాసనసభకు వచ్చిన బిల్లు ఉపాధ్యాయుల వ్యతిరేకత వలన వీగిపోయింది. ఈ పోరాటంలో 1897లో స్థాపితమైన చికాగో ఉపాధ్యాయుల సమాఖ్య ముందు నిలిచింది. కేథరిన్ గాగిన్, మార్గరెట్ హేలీ దాని నాయకురాండ్రు.

1898లో సూపరింటెండెంటుగా వచ్చిన బెంజమిన్ ఆండ్రూస్ అన్ని నిర్ణయాలు తానే తీసుకొనే పద్ధతిని అనుసరించాడు. తన బాధ్యత తనకు ఉన్నా, ఆలోచించి నిర్ణయించే స్వేచ్ఛ మాత్రం లేని ఉద్యోగంలో కొనసాగడం యంగ్‌కు ఇష్టం లేకపోయింది. 1899లో ఆమె రాజీనామా చేసింది. మనసు మార్చుకోవలసిందిగా ఉపాధ్యాయులు ఎంతగా కోరినా అంగీకరించలేదు. అప్పటికి ఆమె సర్వీసు 37 సంవత్సరాలు.

విశ్వవిద్యాలయంలో

యంగ్ 1895లో, 50 సంవత్సరాల వయసులో, ఉద్యోగం చేస్తూనే చికాగో విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ తరగతులలో చేరింది. డ్యూయీ అంతకు ముందు సంవత్సరమే ఆ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. సిద్ధాంతం ఆయనది, పాఠశాలల అనుభవం ఆమెది. తన విద్యా సిద్ధాంతాలకు ఆచరణలో అర్థమేమిటో ఆమె వలన తెలుసుకున్నానని డ్యూయీ తరువాత కాలంలో అంగీకరించాడు.

1900లో ఆమె డాక్టరేటు పట్టా పొందింది. అదే విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్ర ఆచార్యురాలిగా బోధించింది. డ్యూయీ స్థాపించిన ప్రయోగ పాఠశాలలో బోధనా పర్యవేక్షకురాలిగా కూడా పనిచేసింది. 1904లో ప్రయోగ పాఠశాల నిర్వహణ విషయమై హార్పర్‌తో విభేదించి డ్యూయీ విశ్వవిద్యాలయాన్ని విడిచి వెళ్ళినప్పుడు యంగ్ కూడా రాజీనామా చేసింది. తరువాత ఐరోపాలో పర్యటించి అక్కడి పాఠశాలలను చూసింది.

పరిశోధన గ్రంథం

యంగ్ పరిశోధన గ్రంథం పేరు 'ఐసొలేషన్ ఇన్ ద స్కూల్', అనగా పాఠశాలలో ఒంటరితనం. పాఠశాలా వ్యవస్థలో ప్రతి భాగమూ మరొక భాగానికి దూరమైపోవడం ఇందులోని ప్రధాన విషయం. ప్రాథమిక తరగతులకు ఉన్నత పాఠశాలతోను, ఉన్నత పాఠశాలకు కళాశాలతోను సంబంధం ఉండదు. అంతకంటే ముఖ్యంగా, ఆలోచించేవారు ఒకచోట, పనిచేసేవారు మరొకచోట ఉంటారు. సూపరింటెండెంటు ప్రణాళిక తయారుచేస్తాడు, ప్రధానోపాధ్యాయుడు దానిని అందజేస్తాడు, ఉపాధ్యాయిని అమలు చేస్తుంది. ఇటువంటి ఏర్పాటులో ఉపాధ్యాయిని కర్మాగారంలోని పనివానితో సమానమవుతుందని ఆమె వాదించింది.

దీనివలన నష్టపోయేది ఉపాధ్యాయులు మాత్రమే కాదని ఈ గ్రంథం చూపుతుంది. పై అధికారికి కూడా నిజమైన సమాచారం అందదు. ఎవరూ ఎదురు చెప్పని చోట అధికారి తన ఆలోచనలను పరీక్షించుకొనే అవకాశం కోల్పోతాడు. ఇక స్వతంత్రంగా ఆలోచించే వీలులేని ఉపాధ్యాయిని పిల్లలకు స్వతంత్రమైన ఆలోచన నేర్పలేదు. ప్రజాస్వామ్య దేశంలోని బడి లోపల ప్రజాస్వామ్యం లేకపోవడం ఆమె దృష్టిలో పెద్ద వైరుధ్యం.

దీనికి ఆమె సూచించిన మార్గం ఉపాధ్యాయ మండళ్ళు. ప్రతి పాఠశాలలోను ఉపాధ్యాయులు సమావేశమై విద్యా విషయాలను స్వేచ్ఛగా చర్చించాలి. వారు ఎన్నుకున్న ప్రతినిధులు పై మండలిలో కూర్చోవాలి. నిర్ణయాన్ని అమలుచేసే బాధ్యత, అధికారం సూపరింటెండెంటుకే ఉండాలి కాని, ఆ నిర్ణయానికి ముందు అందరి ఆలోచన వినబడాలి. అంటే యంగ్ పాలనాధికారిని తీసివేయమనలేదు, అతని పని స్వభావాన్ని మార్చమన్నది.

నార్మల్ స్కూలు అధిపతిగా

1905లో యంగ్ చికాగో నార్మల్ స్కూలు అధిపతిగా తిరిగి నగర పాఠశాలల సేవలోకి వచ్చింది. 1909 వరకు ఆ పదవిలో ఉన్నది. 45 సంవత్సరాల క్రితం తాను విద్యార్థినిగా చేరిన శిక్షణా వ్యవస్థకే ఆమె ఇప్పుడు నాయకురాలయింది. కొత్త ఉపాధ్యాయులను తయారుచేయడంతో పాటు, ఉద్యోగంలో ఉన్నవారికి తరగతులు నిర్వహించడం మీద కూడా ఆమె శ్రద్ధ చూపింది. పాఠశాలల్లోని అనుభవాలను, పద్ధతులను పంచుకోవడానికి నార్మల్ స్కూలు నుండి ఒక విద్యా పత్రికను కూడా నడిపింది.

ఆ కాలంలో సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్విన్ కూలీ ఉపాధ్యాయుల జీతం పెంపును రహస్య మార్కులతోను, పదోన్నతి పరీక్షలతోను ముడిపెట్టాడు. తనకు ఎన్ని మార్కులు వచ్చాయో, ఎందుకు తగ్గాయో ఉపాధ్యాయినికి తెలిసేది కాదు. ఈ పద్ధతి ఉపాధ్యాయులలో తీవ్రమైన అసంతృప్తి కలిగించింది.

చికాగో పాఠశాలల సూపరింటెండెంటు

1909లో కూలీ రాజీనామా చేశాడు. బోర్డు పలువురు అభ్యర్థులను పరిశీలించి, జులై 29న యంగ్‌ను సూపరింటెండెంటుగా ఎన్నుకున్నది. అప్పుడు ఆమె వయసు 64 సంవత్సరాలు, జీతం సంవత్సరానికి 10,000 డాలర్లు. సుమారు ఆరు వేలమంది ఉపాధ్యాయులు గల వ్యవస్థ అది. అమెరికాలో మహిళలకు ఓటు హక్కు దేశవ్యాప్తంగా లభించినది 1920లో అని గుర్తుంచుకుంటే ఈ నియామకం ఎంత అసాధారణమైనదో తెలుస్తుంది. పాఠశాలల్లో బోధించేవారిలో అత్యధికులు మహిళలే అయినా, వారిని పాలించేవారు దాదాపు అందరూ పురుషులే.

ఆమె కాలంలో జరిగిన ముఖ్యమైన మార్పులు:

* ఉపాధ్యాయులకు రహస్యంగా మార్కులు వేసే పద్ధతి రద్దయింది.
* ఉపాధ్యాయ మండళ్ళు ఏర్పడి, వారి అభిప్రాయాలు సూపరింటెండెంటుకు నేరుగా అందే వీలు కలిగింది.
* ఉపాధ్యాయుల జీతాలు పెరిగాయి.
* ఉన్నత పాఠశాలలలో రెండు సంవత్సరాల వృత్తివిద్యా కోర్సులు ప్రారంభమయ్యాయి. కళాశాలకు వెళ్ళలేని పిల్లలకు ఇవి ఉపయోగపడ్డాయి.
* 1913లో ఉన్నత పాఠశాలలలో వైద్యులచేత లైంగిక ఆరోగ్యం గురించి ఉపన్యాసాలు ఇప్పించారు. ఒక మహానగరంలో ఇటువంటి ప్రయత్నం ఇదే మొదటిది. తీవ్రమైన విమర్శలు రావడంతో బోర్డు దీనిని కొనసాగించలేదు.

జాతీయ విద్యా సంఘం అధ్యక్షత

జాతీయ విద్యా సంఘం 1857లో వేరే పేరుతో స్థాపించబడింది. మొదట్లో మహిళలకు పూర్తి సభ్యత్వం లేదు, 1866లో లభించింది. అయినా నాయకత్వం కళాశాలల అధ్యక్షులు, సూపరింటెండెంట్ల చేతిలోనే ఉండేది. 1910లో బోస్టన్‌లో జరిగిన సమావేశంలో నామినేషన్ల సంఘం వేరొకరి పేరును ప్రతిపాదించింది. తరగతి ఉపాధ్యాయినులు సభలోనే యంగ్ పేరును ప్రతిపాదించి ఓటింగు కోరారు. ఆమెకు 617 ఓట్లు, ప్రత్యర్థికి 376 ఓట్లు వచ్చాయి. 1911లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశానికి ఆమె అధ్యక్షత వహించింది.

1913 సంక్షోభం

చికాగో విద్యా బోర్డు సభ్యులను నగర మేయరు నియమించేవాడు. పాఠ్యపుస్తకాల కొనుగోలు, పాఠశాలల ఆర్థిక వ్యవహారాలు, ఉపాధ్యాయుల సమాఖ్య పట్ల వైఖరి మొదలైన విషయాలలో కొందరు సభ్యులకు, యంగ్‌కు మధ్య విభేదాలు పెరిగాయి. 1913 జులైలో ఆమె రాజీనామా సమర్పించింది. మేయరు కార్టర్ హారిసన్, ప్రజలు కోరిన మీదట దానిని ఉపసంహరించుకున్నది.

అదే సంవత్సరం డిసెంబరులో సూపరింటెండెంటు పదవికి రహస్య ఓటింగు జరిగింది. యంగ్‌కు చాలినన్ని ఓట్లు రాలేదు. ఆమె పోటీ నుండి తప్పుకొనగా, ఆమె సహాయకుడు జాన్ షూప్‌ను బోర్డు ఎన్నుకున్నది. ఈ వార్తతో నగరంలో పెద్ద అలజడి చెలరేగింది. ఆ సంవత్సరమే ఇల్లినాయిస్ మహిళలకు కొన్ని ఎన్నికలలో ఓటు హక్కు లభించింది. మహిళా సంఘాలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు బహిరంగ సభలు జరిపారు. సంఘ సేవకురాలు జేన్ ఆడమ్స్ వంటివారు యంగ్ పక్షాన నిలిచారు. యంగ్‌కు వ్యతిరేకంగా ఓటు వేసిన కొందరు సభ్యుల స్థానంలో మేయరు కొత్తవారిని నియమించాడు. డిసెంబరు ముగిసేలోగా బోర్డు యంగ్‌ను తిరిగి సూపరింటెండెంటుగా ఎన్నుకున్నది.

ఆమె గెలిచినా, అసలు సమస్య మాత్రం తీరలేదు. పాఠశాలల అధిపతి పదవి రాజకీయాల మీద ఆధారపడి ఉన్నంతకాలం ఏ సంస్కరణకూ భద్రత లేదని ఈ సంఘటన నిరూపించింది. 1915లో బోర్డు, జాకబ్ లోబ్ ప్రోద్బలంతో, ఉపాధ్యాయులు సమాఖ్యలో సభ్యులుగా ఉండరాదని నిబంధన చేసింది. ఆ సంవత్సరం చివరిలో యంగ్ పదవి నుండి విరమించింది. షూప్ ఆమె తరువాత సూపరింటెండెంటు అయ్యాడు.

చివరి రోజులు

పదవీ విరమణ తరువాత యంగ్, తన చిరకాల సహచరి లారా బ్రేటన్‌తో కలిసి కాలిఫోర్నియాలో నివసించింది. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించినప్పుడు, యుద్ధ రుణ పత్రాల ప్రచారం చేసే జాతీయ మహిళా సంఘంలో చేరి, 70 ఏళ్ళు దాటిన వయసులో దేశమంతా పర్యటించింది. ఆ పర్యటనలలో అప్పుడు ప్రపంచమంతటా వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా సోకింది. అది న్యుమోనియాగా మారి, 1918 అక్టోబరు 26న వాషింగ్టన్ నగరంలో మరణించింది. యుద్ధం ముగియడానికి అప్పటికి సుమారు రెండు వారాలు మాత్రమే మిగిలి ఉన్నది.

ప్రభావం

యంగ్ జీవించిన కాలంలోనే పాఠశాలా పాలన ఒక ప్రత్యేక శాస్త్రంగా రూపుదిద్దుకొన్నది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ కబర్లీ, కొలంబియా విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రేయర్ వంటివారు సూపరింటెండెంట్లకు, ప్రధానోపాధ్యాయులకు విశ్వవిద్యాలయ స్థాయి శిక్షణను అభివృద్ధి చేశారు. ఆ శిక్షణలో ఖర్చు లెక్కలు, సర్వేలు, సామర్థ్యపు కొలతలు, వ్యాపార నిర్వహణ పద్ధతులకు ప్రాధాన్యం లభించింది. పాఠశాలలపై వ్యాపార సామర్థ్యవాదం చూపిన ప్రభావాన్ని రేమండ్ కాలహన్ 1962లో వెలువరించిన గ్రంథంలో తీవ్రంగా విమర్శించాడు.

యంగ్ చూపిన దారి వేరు. పాలనాధికారికి అన్నిటికంటే ముఖ్యమైన అర్హత బోధనను అర్థం చేసుకోవడమని, అతని శిక్షణ తరగతి గదిలో మొదలై ఉద్యోగకాలమంతా సాగాలని, తన కింద పనిచేసేవారి నుండి నేర్చుకోలేనివాడు పర్యవేక్షకుడు కాజాలడని ఆమె వృత్తి జీవితం చెబుతుంది. ఉపాధ్యాయిని, అభ్యాస పాఠశాల అధిపతి, ప్రధానోపాధ్యాయిని, సహాయ సూపరింటెండెంటు, ఆచార్యురాలు, నార్మల్ స్కూలు అధిపతి, సూపరింటెండెంటు - ఈ మెట్లన్నీ ఎక్కినవారు చాలా అరుదు.

చికాగోలోని ఉపాధ్యాయ మండళ్ళను 1924లో సూపరింటెండెంటుగా వచ్చిన విలియం మెక్‌ఆండ్రూ రద్దుచేశాడు. అయినా, ఉపాధ్యాయులు తోటివారితో కలిసి తమ పనిని పరిశీలించుకొనే బృందాలు, కొత్త ప్రధానోపాధ్యాయులకు అనుభవజ్ఞుల మార్గదర్శకత్వం వంటి పద్ధతులు తరువాతి కాలంలో అనేక దేశాలలో ఆదరణ పొందాయి. ఆమె 1900లో చర్చించిన ఒంటరితనం సమస్య విద్యా పరిశోధకుల రచనలలో ఆ తరువాత కూడా కనిపిస్తూనే వచ్చింది. చికాగోలో ఒక ప్రాథమిక పాఠశాలకు ఆమె పేరు పెట్టారు.

రచనలు

* ఐసొలేషన్ ఇన్ ద స్కూల్ - పరిశోధన గ్రంథం
* ఎథిక్స్ ఇన్ ద స్కూల్ (1902)
* సమ్ టైప్స్ ఆఫ్ మోడర్న్ ఎడ్యుకేషనల్ థియరీ (1902)

ఆమె జీవించి ఉండగానే, 1916లో, జాన్ మెక్‌మానిస్ ఆమె జీవిత చరిత్రను ప్రచురించాడు. జోన్ స్మిత్ రచించిన మరొక జీవిత చరిత్ర 1979లో వెలువడింది.

జీవిత క్రమం

* 1845 - బఫెలోలో జననం
* 1858 - చికాగోకు రాక
* 1862 - నార్మల్ స్కూలు చదువు పూర్తి, ఉపాధ్యాయినిగా నియామకం
* 1865 - అభ్యాస పాఠశాల అధిపతి
* 1868 - విలియం యంగ్‌తో వివాహం
* 1876 - ప్రధానోపాధ్యాయిని
* 1887 - సహాయ సూపరింటెండెంటు
* 1899 - రాజీనామా
* 1900 - డాక్టరేటు
* 1905 - చికాగో నార్మల్ స్కూలు అధిపతి
* 1909 - చికాగో పాఠశాలల సూపరింటెండెంటు
* 1910 - జాతీయ విద్యా సంఘం అధ్యక్షురాలిగా ఎన్నిక
* 1913 - పదవి కోల్పోవడం, తిరిగి నియామకం
* 1915 - పదవీ విరమణ
* 1918 - వాషింగ్టన్‌లో మరణం